నోరు పెడితే నీదే

మా మనవరాలు రజియా ఫోనులో పదిహేడు ట్రంపెట్లు ఉన్నాయి. మామూలు ఇత్తడివి, రాగి పాలు ఎక్కువున్న ఎర్ర ఇత్తడివి, వెండి పూతవి, జపానువి, చైనావి, అమెరికావి, మన దేశంలో చేసినవి. ఒక్కోదాని కింద బరువు ఎంత, గొట్టం వెడల్పు ఎంత, వేళ్ళతో నొక్కే పిస్టన్లు ఏ లోహంతో చేశారు, కొత్తగా నేర్చుకునేవాళ్ళకా, చెయ్యి తిరిగినవాళ్ళకా అన్న వివరాలు. మొన్న ఆదివారం ఖమ్మం నుంచి బస్సులో కొత్తగూడెం వచ్చి, చెప్పులు గుమ్మంలో ఒకటి, లోపల ఒకటి విడిచి, నా పక్కన మంచం మీద కూలబడి ఆ ఫోను నా కళ్ళద్దాల ముందు పెట్టింది.

"నానమ్మా, నువ్వే చెప్పు. ఏది తీస్కోవాలె?"

"వీటిల ఏది మంచిగ మోగుతది?" అన్నాను.

"ఫోన్ల ఎట్ల తెలుస్తది నానమ్మా? వీడియోలున్నయి, చూడు."

చూశాను. ఒక తెల్లాయన చల్లటి గదిలో నిలబడి పది ట్రంపెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఊదాడు. నాకు పదీ ఒక్కలాగే వినిపించాయి. మే నెల మిట్టమధ్యాహ్నం, వెనక జనరేటరు డుబడుబలాడుతుంటే, ముందు పెళ్ళికొడుకు స్నేహితులు ఈలలు వేస్తుంటే, ఆ పదింటిలో ఏది నిలబడుతుందో ఆయన చెప్పలేదు. పాపం ఆయనకు ఆ అవసరం వచ్చి ఉండదు.

రజియాకు పద్దెనిమిదేళ్ళు. సెలవులకు వచ్చినప్పుడల్లా నా పాత ట్రంపెట్ మీద నా దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు హైదరాబాదులో యూనిఫారం వేసుకునే ఒక పెద్ద బ్యాండులోకి ఆడపిల్లలను కూడా తీసుకుంటున్నారట. ఇంకో మూడు వారాల్లో ఎంపిక. సొంత వాయిద్యంతో రావాలి. నా పాతదాని రెండో పిస్టన్ అరిగిపోయి, నొక్కితే నొక్కినచోటే కూర్చుంటుంది, బతిమాలితే గానీ లేవదు. అందుకని కొత్తది కావాలి. పిల్ల వాళ్ళ నాన్న, అంటే నా కొడుకు మీరా, కాదనలేదు. "కొందాం బిడ్డా. కాకుంటే అన్ని మోడళ్ళు మంచిగ పోల్చి చూసి కొందాం" అన్నాడు. ఆ పోల్చడం నాలుగు నెలలుగా సాగుతోంది. మొదట జాబితాలో మూడే ఉండేవి. పిల్ల ఒకటి బాగుందనగానే, దానికంటే ఇంకోటి బాగుందటని వాడు మరొకటి చేర్చేవాడు. మీరా ఆఫీసులో గుమాస్తా. గళ్ళు గీసి నింపడమంటే వాడికి ప్రాణం. వాడి ఓపిక చూసి నేను మురిసిపోయేదాన్ని కూడా.

"మీ నాయినకేం తెలుసు? నేను మూడు బూరలు పక్కపక్కన పెట్టి, ఊది చూసి ఎంచుకున్న మనిషిని" అన్నాను రజియాతో. ఈ మాట నేను జీవితంలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అన్న ప్రతిసారీ కాస్త నిటారుగా కూర్చుంటాను. లేచి బీరువా తెరిచి, చీరల వెనక దూది పొరలో చుట్టి దాచిన వస్తువు తీసి పిల్ల అరచేతిలో పెట్టాను. బొటనవేలంత ఇత్తడి ముక్క. ట్రంపెట్‌కు తగిలించి పెదవులు ఆనించే భాగం. చదువుకున్నవాళ్ళు మౌత్‌పీస్ అంటారు. మా మేళంలో దాన్ని మూతి అనేవాళ్ళం. ఇది మా నాయిన మూతి.

మేము దూదేకులవాళ్ళం. మా తాత ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఆయన ఏకుడుబద్ద మా ఇంట్లో గోడకు వేలాడుతూనే ఉండేది. నాయిన సైదులు మాత్రం ఆ పనిలోకి పోకుండా ట్రంపెట్ పట్టుకుని, ఎనిమిది మందితో మేళం కట్టాడు. కొత్తగూడెంలో అప్పుడు ప్రతి ఇంట్లో బొగ్గు పొయ్యే. తెల్లవారేసరికి వీధంతా బొగ్గు పొగ, గొంతులో దిగే ఆ ఘాటు వాసన. ఆ పొగలోనే నాయిన బావి పక్క గోడకు మొహం పెట్టి గంటసేపు ఊదేవాడు. గోడకు ఎందుకంటే, ఊదిన స్వరం తిరిగి వచ్చి తన చెవినే పడుతుంది, తప్పు దాక్కోలేదు అనేవాడు. శుక్రవారం నాడు అమ్మ చింతపండు, ఇటుకపొడి కలిపి వాయిద్యాలన్నీ తోమేది. ఆ పులుపు వాసన, తడి ఇత్తడి వాసన కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ చారుకు చింతపండు పిసుకుతుంటే నాకు ఆకలి వేయదు, ఊదాలనిపిస్తుంది.

మూతిని మాత్రం నాయిన ఎవరినీ తోమనిచ్చేవాడు కాదు. అది ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే. చల్లగా ఉంటే పెదవికి పట్టదని ఒంటి వేడికి ఉంచేవాడు. అన్నానికి కూర్చుంటే కంచం పక్కన పెట్టుకునేవాడు. పడుకుంటే తలగడ కింద. "నా సవతి లేచిందా?" అని అమ్మ వేళాకోళం చేసేది. ఆయన స్నానానికి వెళ్ళిన ఆ కాసేపట్లో నేను ఆ సవతిని అందుకుని ఉత్త మూతి మీదే పెదవులు బిగించి బుర్రుమనిపించేదాన్ని. అలా నేర్చుకున్నాను. ఒకరోజు తువ్వాలు కట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. తిట్టలేదు. "బుగ్గలు ఉబ్బిస్తున్నవ్. బుగ్గ కాదు, పొట్ట" అన్నాడు. ఆ రోజు నుంచి నేర్పాడు కూడా. కానీ ఒక షరతు. "ఇంట్ల ఎంతన్న ఊదు లాల్‌బీ. గడప దాటితె మాత్రం ఊకోను." నా పేరు లాల్‌బీ. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు.

ఆ ఏడు చలికాలంలో బూర్గంపాడు అవతల ఒక ఊళ్ళో పొద్దున పూట ఊరేగింపు. గోదావరి మీది చలిగాలికి తలకు గుడ్డ కట్టుకోకుండా నాయిన టెంపో అంచున కూర్చుని వెళ్ళాడట. వరుసలో నిలబడి ట్రంపెట్ ఎత్తి ఊదబోతే గాలి ఒక పక్క నుంచి బుస్సుమని పోయింది. మళ్ళీ ఎత్తాడు. పెదవి అందలేదు. కంగారులో వాయిద్యం చేతిలోంచి జారింది. వెనక పెళ్ళికొడుకు ట్రాక్టరు. డ్రైవరు బ్రేకు వేసేలోపే పెద్ద చక్రం దాని మీదికి ఎక్కి దిగింది. ఇంటికి వచ్చేసరికి ఆయన మొహం కుడివైపు జారిపోయి ఉంది. కన్ను మూతపడదు. నీళ్ళు తాగితే చొక్కా మీదికి కారతాయి. దవాఖానాలో సూదులు వేశారు, మందులిచ్చారు, కాలమే మాన్పాలన్నారు. ఆయన మా ముందు అన్నం తినడం మానేశాడు. గోడవైపు తిరిగి తినేవాడు. పొద్దున అదే గోడకు మొహం పెట్టి ఊదిన మనిషి. అది చూసి నేను బావి దగ్గరికి వెళ్ళి ఏడ్చాను.

ఎండాకాలం వస్తోంది. మూడు పెళ్ళిళ్ళకు మాట ఇచ్చి ఉన్నాం. మేళమంతా మా అరుగు మీద కూర్చుంది. క్లారినెట్ ఊదే ఖాసిం మామ, అమ్మకు తమ్ముడి వరస, మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"బావా, ముందు బూర లేంది మేళమేంది? పాల్వంచోళ్ళు నన్ను రమ్మంటున్నరు. ఈళ్ళను గూడ తోల్కపోత. ఏమనుకోకు."

లోపల పొయ్యి ఊదుతున్న నేను ఊదుడుగొట్టం చేతిలో పట్టుకునే బయటికి వచ్చాను. "నేనూదుత" అన్నాను.

ఖాసిం మామ నవ్వాడు. "పొయ్యా?"

"బూర. మూడు పెండ్లిళ్ళల్ల వచ్చే పాటలన్ని నాకొచ్చు. నాయినకు తెలుసు. అడుగు."

ఎవరూ అడగలేదు. అందరూ నాయిన వైపు చూశారు. ఆయన నా చేతిలోని ఊదుడుగొట్టం వైపు చూశాడు. తర్వాత, మాట ముద్దముద్దగా వస్తుంటే పెదవిని వేలితో ఎత్తిపట్టుకుని చెప్పాడు. "ముందు బూర దొరకనీ. ఖమ్మం పోదాం. మూడు బూరలు చూద్దాం. నా మూతి పెట్టి ఊదు. ఏది పలికితె అది. ఏదీ పలక్కపోతె, మల్ల ఈ ముచ్చట ఈ ఇంట్ల ఎత్తొద్దు. సరేనా?"

"అవ్" అన్నాను. అంతకంటే న్యాయమైన షరతు ఏముంటుంది?

మూతి ఎందుకంటే, ఖమ్మం కమాన్ బజారులో వాయిద్యాల సేటు దుకాణంలో ఒక కట్టుబాటు ఉండేది. నోరు పెడితే నీదే. ఎంగిలి అయిన వస్తువును ఇంకొకరికి అమ్మడు. మా మేళాల్లోనూ అంతే, ఒకరి మూతి ఇంకొకరు ముట్టరు. తండ్రి ఎంగిలి బిడ్డకు ఎంగిలి కాదు గనక నాకు చెల్లింది. అందుకే ఆ రోజుల్లో బ్యాండువాళ్ళు ఊదకుండానే ట్రంపెట్లు ఎంచుకునేవాళ్ళు. అదొక విద్య. పిస్టన్ నొక్కి వదిలి చెవి దగ్గర పెట్టుకుని వినాలి, టక్కుమంటే మంచిది, చప్పగా ఉంటే అరిగింది. పక్కగొట్టం నెమ్మదిగా లాగితే సీసా బిరడా తీసినట్టు టప్పుమనాలి, అలా అంటే గాలి ఎక్కడా కారడం లేదని. ముందు పువ్వులా విచ్చుకున్న అంచును గోటితో మీటాలి. అరచేతిలో అడ్డంగా నిలబెట్టి బరువు ఎటు వాలుతుందో చూడాలి. ఇంత చేసినా సగం గుడ్డి బేరమే. సొంత మూతి తీసుకుపోతే మాత్రం సేటు ఊదనిచ్చేవాడు.

ఖమ్మం పోయేముందు వారం రోజులు ఉత్త మూతి మీదే సాధన చేశాను. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అరుగు మీద పరిచిన పేపరు నిండా పసుపు పొడి మెరుస్తుంటే వేలితో అద్ది చూశాను. ఇత్తడి పొడి. నాయిన మూతిని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. పక్కన ఆకురాయి.

"ఏంది నాయినా?"

"చిలుం పట్టింది. తీస్తున్న."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాను ఊదలేకపోయినా బిడ్డకోసం మూతిని శుభ్రం చేసిపెడుతున్నాడనుకున్నాను.

వైరా చెరువు మీదుగా బస్సులో ఖమ్మం చేరాం. సేటు బల్ల మీద మూడు ట్రంపెట్లు పెట్టాడు. ఒకటి జపానుది, నీలం మఖమలు పరిచిన పెట్టెలో, అద్దంలా మొహం కనిపించేంత మెరుగుతో. రెండోది చెకోస్లొవేకియాది, ఏదో పెద్ద బ్యాండులో వాడి వదిలేస్తే మూతి లేకుండా వచ్చినది, వెండి పూత చేతులు పట్టేచోట అరిగిపోయి లోపలి ఇత్తడి కనిపిస్తూ. మూడోది మీరట్‌లో చేత్తో చేసినది, మీద నక్షత్రం ముద్ర, అతుకుల దగ్గర సీసం బొట్లు బొట్లుగా. మూతి దూర్చే గొట్టం అంచు కొంచెం నొక్కుకుపోయి కూడా ఉంది. నాయిన అలవాటుగా మూడింటి పిస్టన్లు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. జపానుది విన్నప్పుడు మాత్రం ఆ వంకర మొహంలో కూడా ఒక ఇష్టం కనిపించింది. చప్పున కింద పెట్టేశాడు.

ముందు జపానుదే తీశాను. మూతి పెట్టగానే లోపలికి జారి, అటూ ఇటూ ఊగింది. ఊదితే గొంతులో చేపముల్లు అడ్డం పడ్డవాడు మాట్లాడినట్టు వచ్చింది. రెండోసారి, మూడోసారి. చెకోస్లొవేకియాదీ అంతే. సేటు కళ్ళు కిందికి దించుకున్నాడు. నాయిన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. మూడోది పలక్కపోతే నేను మళ్ళీ పొయ్యి ఊదుకోవాలి, మేళం పాల్వంచ పోతుంది, నాయిన గోడవైపు తిరిగి అన్నం తింటూనే ఉంటాడు. ఆ ఒక్క ఆలోచనతో మీరట్ దాన్ని ఎత్తాను. ఆ నొక్కుకుపోయిన గొట్టంలో మూతి గట్టిగా, బిరడా కొట్టినట్టు కూర్చుంది. పొట్ట లోపలికంటా గాలి పీల్చి వదిలాను.

ఎదురు దుకాణంలో గాజులు చూస్తున్న ఆడవాళ్ళు బయటికి వచ్చారు. సేటు చెవి మూసుకుని నవ్వాడు. నాయిన క్యాలెండరు మీద నుంచి చూపు తిప్పి నా వైపు చూశాడు. కుడి కన్ను ఎలాగూ నీళ్ళు కారుస్తూనే ఉండేది. ఎడమ కన్ను కూడా తడిసింది. "ఇగ అదే తీస్కో" అన్నాడు.

మొదటి పెళ్ళి అశ్వారావుపేట దగ్గర ఒక రైతుల ఇంట్లో. ఎనిమిది మంది మగవాళ్ళ ముందు, ఓణీ కొంగు నడుముకు దోపుకుని నేను. పందిట్లో ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. ఒక ముసలాయన "ఆడపిల్ల ఊదుడేందిరా" అని బాహాటంగానే అన్నాడు. నేను బుగ్గలు ఉబ్బించలేదు. పెళ్ళికూతురు గడప దాటేటప్పుడు వచ్చే పాట ఒకటుంది, అందులో స్వరం సన్నగా, దారంలాగా సాగాలి, ఎక్కడా తెగకూడదు. అది ఊదేసరికి ఆ ముసలాయన తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు, ఆయనే పెళ్ళికూతురి తాతట. తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో నాయిన నా పక్కన కూర్చుని, చాలా దూరం వచ్చాక, పెదవి వేలితో ఎత్తిపట్టుకుని ఒకే మాట అన్నాడు.

"సన్నం జేస్తె ఆగుతవనుకున్న బిడ్డా. ఆగలే."

ఆ సన్నటి స్వరం గురించి అన్నాడనుకున్నాను. అంతకంటే గొప్ప మెచ్చుకోలు నాకు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి ఆ మాట తలుచుకుని బతికాను.

తర్వాత ఇరవై ఏళ్ళకు పైనే ఊదాను. మా మేళంలోనే సైడు డ్రమ్ము వాయించే ఆయనను చేసుకున్నాను. మీరాను చంకలో వేసుకుని ఊరేగింపులకు వెళ్ళాను, పిల్లవాడు ఖాసిం మామ భుజం మీద నిద్రపోయేవాడు. ఖాసిం మామ పాల్వంచ పోలేదని వేరే చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల మేళాలవాళ్ళు కొత్త ట్రంపెట్ కొనేముందు నన్ను అడిగేవాళ్ళు. "జపాన్‌ది పేరుకే. నేను మూడు పెట్టి ఊది చూసిన. మీరట్‌దే తీస్కోండ్రి" అని చెప్పేదాన్ని. నా మాట మీద ఈ అడవి అంచు ఊళ్ళలో ఎన్ని నక్షత్రం ముద్ర ట్రంపెట్లు దిగాయో. పాపం వాటి తప్పేమీ లేదు, గట్టివే, నాది ఇన్నేళ్ళు నాతో నడిచింది. తర్వాత డీజేలు వచ్చాయి. ఒక్క మనిషి, రెండు పెట్టెలు, ఊరంతా అదురుతుంది. ఎనిమిది మందికి అన్నం పెట్టే పని లేదు. మేళం విడిపోయింది. బడిలో తనను "బాజావాళ్ళ పిల్లోడు" అని ఏడిపించేవాళ్ళని మీరా ఎప్పుడో ఒకసారి చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు. నేను దాన్ని సరిగ్గా వినలేదు, ఇప్పుడు తెలుస్తోంది.

సరే, ఆదివారం అయిపోయింది. సోమవారం పొద్దున్నే రజియాతో బస్సెక్కాను. మూతి నా రవికెలో, ఒంటి వేడికి. ఖమ్మంలో మీరాను ఆఫీసుకు సెలవు పెట్టించి, కమాన్ బజారుకు నడిపించాను. సేటు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆయన కొడుకు కూర్చున్నాడు, మేమంతా చిన్న సేటు అనేవాళ్ళం, ఆయనా నెరిసిపోయాడు. ఆయన కూడా విచిత్రంగా మూడే పెట్టాడు. ఒకటి చైనాది, ఒకటి మన దేశంలో చేసినది, ఒకటి జపానుది, నేర్చుకునేవాళ్ళ మోడల్. బల్ల మీద ఒక చిన్న సీసా కూడా ఉంది. ఇప్పుడు ఎవరైనా ఊది చూడవచ్చట, మూతిని మందునీళ్ళతో తుడిచి మళ్ళీ పెట్టేస్తారట. ఎంగిలి అనేది సీసాలో కరిగిపోయింది.

"మందునీళ్ళెందుకు, మా నాయిన మూతి ఉంది" అని నేనే గొప్పగా రజియాకు అందించాను. పిల్ల జపాను ట్రంపెట్‌కు దాన్ని తగిలించింది. లోపలికి జారింది. ఊగింది. ఊదింది. అదే స్వరం. గొంతులో చేపముల్లు. నేను ఇన్నేళ్ళ కిందట విన్నది అక్షరం పొల్లుపోకుండా.

"చెప్పలే? జపాన్‌ది పేరుకే" అన్నాను.

"అవ్, ఇది బాలేదు" అన్నాడు మీరా వెంటనే. అప్పటికే ఫోను తీశాడు. "ఇంకో రెండు మోడళ్ళు చూసి చెప్త. ఇప్పుడు జల్దీ ఏముంది?"

"నాయినా, ఇరవై రోజులే ఉంది" అంది రజియా.

చిన్న సేటు మాత్రం ట్రంపెట్ వైపు చూడలేదు. మూతిని తీసుకుని, గొట్టంలో దూరే తోక చివరను వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు. డ్రాయరులోంచి కొత్త మూతి ఒకటి తీసి పక్కన ఆనించాడు.

"అమ్మా, దీన్ని ఎవరో ఆకురాయితోని రాకిండ్రు. చూడుండ్రి, కొత్తదాని తోక ఎంత లావున్నదో, ఇది ఎంత సన్నం జేసిండ్రో. గీతలు గూడ కనవడుతున్నయి. ఇది ఏ మంచి బూరల కూసోదు. గొట్టం నొక్కుకపోయిందాంట్లనే కూసుంటది."

సన్నం జేసిండ్రు.

అరుగు మీది పేపరు, దాని నిండా పసుపు పొడి, పక్కన ఆకురాయి. చిలుం పట్టింది, తీస్తున్న. గోడ మీది క్యాలెండరు. ఏదీ పలక్కపోతే మల్ల ఈ ముచ్చట ఎత్తొద్దు. నాయిన నన్ను ఆపాలనుకున్నాడు. కాదనడానికి నోరు రాక, తన ప్రాణంలాంటి మూతిని తానే పాడుచేసుకుని, మూడు ట్రంపెట్లలో ఏదీ పలక్కుండా చేశాడు. నొక్కుకుపోయిన గొట్టం ఒకటి ఆ బల్ల మీద ఉంటుందని ఆయన అనుకోలేదు. నేను మూడింటిని పోల్చి ఎంచుకోలేదు. ఆకురాయికి అందకుండా మిగిలిపోయిన ఒక్కదాన్ని పట్టుకున్నాను, అంతే. ఇన్నేళ్ళూ నేను నిటారుగా కూర్చుని చెప్పిన తీర్పు, ఊరూరా పంచిన తీర్పు, అబద్ధం.

కోపం వచ్చింది. పోయి ఇన్నేళ్ళయిన మనిషి మీద, చిన్న సేటు దుకాణంలో నిలబడి. వెంటనే టెంపోలో ఆయన వేలితో పెదవి ఎత్తిపట్టుకుని, సన్నం జేస్తె ఆగుతవనుకున్న అనడం గుర్తొచ్చింది. దాచలేదు మా నాయిన. మొదటి రోజే ఒప్పేసుకున్నాడు. నేనే దాన్ని మెచ్చుకోలుగా విన్నాను. బహుశా రెండూ అయి ఉంటుంది.

తలెత్తితే మీరా కనిపించాడు. ఫోను మీద వేలు ఆడిస్తున్నాడు. పద్దెనిమిదో ట్రంపెట్ కోసం. వాడి మొహంలో చెడ్డతనం ఇసుమంతైనా లేదు, భయం ఉంది. నాయిన మొహంలో ఉన్నదే. ఆ రోజుల్లో కాదనలేని తండ్రి ఆకురాయి పట్టుకున్నాడు. ఇప్పటి తండ్రి జాబితా పట్టుకున్నాడు. అప్పుడు మాకు మూడు ట్రంపెట్లు, ఒక మూతి. ఇప్పుడు పదిహేడు ట్రంపెట్లు, ఇవాళ్టిదాకా ఒక్కదానికీ పిల్ల పెదవి తగలలేదు. అప్పుడు సన్నం చేసి ఆపాలని చూశారు, ఇప్పుడు పెంచి పెంచి ఆపుతున్నారు.

"సేటూ, మీ మూతి పెట్టియ్యి" అన్నాను.

కొత్త మూతి పెట్టి జపానుది రజియాకు ఇచ్చాడు. పిల్ల కళ్ళు మూసుకుని ఊదింది. దాని గురించి నేనేమీ రాయను. మా నాయిన ఆ రోజు ఆ జపానుదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఎందుకు చప్పున దించేశాడో నాకు అర్థమైంది. అంత బాగుంది. దుకాణంలో పనివాళ్ళు పని ఆపి చూశారు.

"బాగనే ఉంది" అన్నాడు మీరా. "గానీ, ఇదే కంపెనీల దీనికంటె పై మోడల్ ఒకటి..."

నేను రజియా చేతిలోంచి ట్రంపెట్ తీసుకున్నాను. నావి కట్టుడు పళ్ళు. ఊదడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. పెదవులు బిగించి, బుగ్గతో కాదు, పొట్టతో ఊదాను. సగం గాలి, సగం స్వరం. పిల్లి అరిచినట్టే వచ్చింది. అయినా వచ్చింది.

చిన్న సేటు సీసా అందుకోబోయిన చెయ్యి అక్కడే ఆపేశాడు. నా మొహం చూశాడు. మెల్లగా నవ్వు వచ్చింది ఆయనకు.

"మా నాయిన ఉన్నప్పుడు ఈ దుకాణంల ఒక మాట ఉండె" అన్నాడు మీరాతో. "నోరు పెడితె నీదే."

"అమ్మా, ఏందిది?" అన్నాడు మీరా.

నేను నాయిన మూతిని బల్ల మీది నుంచి తీసి మీరా చొక్కా జేబులో వేశాను. "ఇది మీ తాత రాకింది. నన్ను ఆపుదామని. నీ దగ్గరుండనీ" అన్నాను. వాడు జేబు మీద చెయ్యి పెట్టి దాన్ని తడిమి చూశాడు. తర్వాత చేతిలోని ఫోనును ఆ జేబులోనే, మూతి పక్కన పెట్టేశాడు.

ట్రంపెట్ రజియాకు తిరిగి ఇచ్చాను. చిన్న సేటు సీసా ముందుకు జరిపాడు. పిల్ల దాని వైపు చూడలేదు. తుడవకుండా, నా ఎంగిలి మీదే పెదవులు ఆనించి ఊదింది.